మసకగిరి గొంగళివాడు

అనగనగా, కొండలకు ఇంకా పేర్లు పెడుతున్న రోజుల్లో, మసకగిరి అనే ఊరుండేది. చుట్టూ కొండలు, నడుమ ఊరు, ఊరి మీద మంచు. కార్తీకమాసం వచ్చిందంటే అక్కడ పొద్దు పొడిచినా పొడవనట్టే ఉండేది. ఎదురుగా వచ్చే మనిషికి మొహం ఉండేది కాదు. నెత్తి మీంచి మోకాళ్ళ దాకా కప్పుకున్న గొంగళి ఒక్కటే మంచులో కదిలేది.

అందుకే ఆ ఊరివాళ్ళు మంచులో నోరు మూసుకుని నడిచేవారు కాదు.

"నేను రంగప్పను, తోటకు పోతున్నా!" అని ఒకడు.

"నేను సిద్ధయ్యను, గానుగకు పోతున్నా!" అని ఇంకొకడు.

కేకకు కేక బదులు. చలికాలమంతా ఆ ఊరు, నిండా పిట్టలు వాలిన చెట్టులా సందడిగా ఉండేది.

ఊరి చివర, కనుమ దారి మొదలయ్యే చోట, చెంగమ్మ అనే ఆవిడ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. కొండ దాటి వచ్చిన బాటసారులకు వేడి అన్నం, మిరియాల చారు, నడుం వాల్చడానికి అరుగు. చెంగమ్మ భర్త పోయి చాలా కాలమైంది. అతడు ఆఖరిసారి సంతకు వెళ్ళినప్పుడు తెచ్చిన ఎర్రంచు గొంగళి మాత్రం ఆమె ఒంటి మీంచి దిగేది కాదు. ఇంట్లో అత్తగారు నరసమ్మ ఉండేది. ముసలావిడకు చెవులు బొత్తిగా వినబడవు. గుమ్మంలో కూచుని వక్కలు దంచుకుంటూ, వచ్చే పోయే వాళ్ళను చూసి నవ్వడమే ఆవిడ పని.

రోజూ తెల్లారగానే ఓబక్క పాలు తెచ్చేది. ఓబక్క గొంతు వీధి మొదట్లోనే మొదలయ్యేది. "చెంగమ్మా, పొయ్యి రాజేశావా లేదా? పాలు చల్లారిపోతున్నాయే!" చెంగమ్మకు కోడి కూతతో పనిలేదు. ఓబక్క కేకతోనే ఆమెకు తెల్లారేది.

ఊరి నడుమ ఒక పాత బురుజు ఉండేది. దాన్ని చాటింపు బురుజు అనేవారు. రోజూ సాయంత్రం రాజుగారి చాటింపుదారు కంఠీరవుడు దాని మీదికెక్కి రాజ్యంలోని సంగతులు చెప్పేవాడు. పేరుకు తగ్గ గొంతు అతడిది. కానీ చెప్పే సంగతులు మామూలువి. ఎక్కడో వాన పడింది. ఎక్కడో చెరువు నిండింది. రాజుగారి ఏనుగు ఈనింది. కింద జనం తలెత్తి కూడా చూడకుండా వంకాయలు బేరమాడుకునేవారు. ఇంత గొంతు పెట్టుకుని గోడలతో మాట్లాడుతున్నానే అని కంఠీరవుడు లోలోపల కుమిలిపోయేవాడు.

ఒకనాటి సాయంత్రం అతడు ఇలా చెప్పాడు.

"వినండహో! దూరాన దొంగకనుమలో, గొంగళి కప్పుకున్న వాడొకడు ఒక వర్తకుణ్ణి కాల్చి చంపాడహో!"

వంకాయల బేరం ఆగిపోయింది. చీమ చిటుక్కుమంటే వినబడేటంత నిశ్శబ్దం. అన్ని మొహాలూ ఒక్కసారిగా బురుజు వైపు తిరిగాయి. కంఠీరవుడి ఒళ్ళు జలదరించింది. అది భయం కాదు, ఆనందం.

మరునాడు అతడు, చచ్చిపోయిన వర్తకుడి భార్య ఎలా ఏడ్చిందో చెప్పాడు. ఆ మరునాడు, గుండు ఎక్కడ తగిలిందో చెప్పాడు. ఇంకొకనాడు, చంపినవాడి వీపున ఒక మూట ఉందనీ, ఆ మూటలోంచి ఏదో కారుతూ ఉందనీ చెప్పాడు. చచ్చింది ఒక్కడే. కానీ రోజుకొక వైపునుంచి చెబుతుంటే, రోజుకొకడు చచ్చినట్టే ఉండేది. దొంగకనుమ ఎంత దూరమో ఎవరూ అడగలేదు. వినగా వినగా అది ఊరి పొలిమేరలోకి వచ్చేసింది. చంపినవాడికి ఒక పేరు కూడా వచ్చేసింది. గొంగళివాడు.

చెంగమ్మ కూడా రోజూ వెళ్ళి వినేది. విన్న రాత్రల్లా తలుపు గడియ మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకునేది. అయినా మరునాడు మళ్ళీ వెళ్ళేది. వినకపోతే ఏం ముంచుకొస్తుందో తెలియదు కదా.

అలాంటి ఒక సాయంత్రం కంఠీరవుడు గొంతు తగ్గించి అన్నాడు. "మంచులో ఎవరినీ పిలవకండి. పిలిస్తే ఆ గొంతు పట్టుకుని ఇంటికొస్తాడట."

ఎవరన్నారంటే, అన్నారట. అంతే.

మరునాటినుంచి మసకగిరిలో కేకలు లేవు. మనుషులు నడుస్తూనే ఉన్నారు, కానీ చప్పుడు లేదు. మంచులో ఒక నల్లటి ఆకారం ఎదురైతే, రెండో ఆకారం గోడకు అతుక్కుపోయేది. ఒకదాన్నొకటి దాటేదాకా రెండింటికీ ఊపిరి ఉండేది కాదు. దాటాక రెండూ పరుగు తీసేవి. ఓబక్క కూడా పిలవడం మానేసింది. పాలచెంబు గుమ్మంలో పెట్టి, తలుపు మీద గోరుతో గీరి, వెళ్ళిపోయేది. ఆ గీరుడు విన్నప్పుడల్లా చెంగమ్మ గుండె జారిపోయేది.

అప్పుడు రేవు పట్నంనుంచి జంబులింగం అనే వర్తకుడు బండ్లు తోలుకుని వచ్చాడు. బండ్ల నిండా తుపాకులు. వాటిని సరిగ్గా చాటింపు బురుజు నీడలో దించాడు. అతడు అరవలేదు, ఎవరినీ పిలవలేదు. కంఠీరవుడు బురుజు దిగేదాకా ఆగి, ఆ తర్వాత జనం మొహాల్లోకి చూస్తూ ఊరికే కూచునేవాడు.

చెంగమ్మ బండి దగ్గర తచ్చాడింది.

"నాకెందుకయ్యా తుపాకి? నేను చారు కాచుకునేదాన్ని" అంది.

"వద్దులే తల్లీ" అన్నాడు జంబులింగం మెత్తగా. "కనుమ దారిలో మొదటి ఇల్లు నీదేనటగా? ఇద్దరూ ఆడవాళ్ళేనటగా?"

చెంగమ్మ కనుమ దారి వైపు తిరిగి చూసింది.

"ఇది ఒకణ్ణి చంపడానికి కాదమ్మా. మనం హాయిగా నిద్రపోవడానికి" అన్నాడతడు.

చెంగమ్మ తన వెండి కడియాలు తీసి అతడి చేతిలో పెట్టింది. తుపాకిని చంటిబిడ్డలా చీరచెంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

కానీ నిద్ర ఆ బండిలోనే ఉండిపోయింది. తుపాకిని గోడకు తగిలిస్తే, వాడు ముందు దాన్నే అందుకుంటాడేమో అనిపించేది. పక్కలో పెట్టుకుంటే, అత్తయ్య చెయ్యి తగులుతుందేమో అనిపించేది. తుపాకి లేనప్పుడు, వాడు వస్తాడా అని భయపడేది. తుపాకి వచ్చాక ఆ ప్రశ్న మారిపోయింది. వాడు ఎప్పుడొస్తాడు?

ఆమె పగలు కూడా తలుపు మూసేసింది. నరసమ్మ విసుక్కుంది.

"ఏమే కోడలా, తలుపెందుకే మూశావు? బాటసారులెట్లా వస్తారే?"

చెంగమ్మ అత్తగారి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది. "గొంగళివాడు తిరుగుతున్నాడు అత్తయ్యా! గొంగళివాడు!"

ముసలావిడ బోసినోటితో నవ్వింది. "గొంగళి లేనివాడెవడే ఈ ఊళ్ళో?"

చెవిటిదానికేం తెలుసులే అనుకుంది చెంగమ్మ.

ఒక మునిమాపువేళ ఎవరో తలుపు తట్టారు. "అమ్మా, పూటకూళ్ళమ్మా, కొండ దాటి వచ్చాను. ఇంత అన్నం పెట్టు తల్లీ." గొంతులో వణుకు. చలితో వణికే గొంతా, కాదా? చెంగమ్మ తుపాకి మూతిని తలుపు సందుకు ఆనించి ఊపిరి బిగబట్టింది. తట్టుడు కాసేపు తలుపు మీద వినబడింది. తర్వాత గోడ మీద వినబడింది. తర్వాత అడుగులు కొండవైపు వెనక్కి వెళ్ళిపోయాయి. బతికిపోయాననుకుంది చెంగమ్మ. కుండలో అన్నం అలాగే చల్లారిపోయింది. ఆ వచ్చినవాడు ఎవరో, ఏమయ్యాడో, ఆమెకు ఎన్నటికీ తెలియలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే, గొర్రెలు కాసే కాటయ్య, రంగప్ప తమలపాకు తోట దగ్గర చచ్చిపడి కనిపించాడు. గుండు దెబ్బ. గొర్రెలు అతడి చుట్టూ నిలబడి ఉన్నాయి.

సాయంత్రం బురుజు మీంచి కంఠీరవుడు గర్జించాడు. "గొంగళివాడు మన ఊరికి వచ్చేశాడహో! వాడి తుపాకి మళ్ళీ పేలిందహో!"

తుపాకి లేనివాళ్ళు కూడా ఆ పూటే కొనుక్కున్నారు. ఒకటి ఉన్నవాళ్ళు రెండోది కొనుక్కున్నారు.

తర్వాత గానుగ సిద్ధయ్య తమ్ముడు, సొంత ఇంటి పెరట్లోనే, చేత కొడవలితో, బోర్లా పడి చచ్చిపోయి ఉన్నాడు. సిద్ధయ్య ఆ రోజునుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. దుఃఖం అనుకున్నారంతా.

"ఇళ్ళలోకి కూడా వస్తున్నాడహో!" అన్నాడు కంఠీరవుడు.

ఇక మసకగిరిలో ఎవరి ఇంటికి ఎవరూ పోలేదు. పెళ్ళి ముహూర్తాలు వాయిదా పడ్డాయి. ఊళ్ళో ఎవరో చనిపోయారని కాటి పొగ చూసి తెలుసుకునేవారు. ఊరంతా గోడల వెనక, తలుపుల వెనక, కిటికీల వెనక నిలబడి ఉంది. ప్రతి కిటికీలోనూ ఒక తుపాకి మూతి, దాని వెనక రెండు కళ్ళు.

ఒకనాటి వేకువ చెంగమ్మకు వాకిట్లో ఏదో కదిలినట్టనిపించింది. అంతకు ముందు సాయంత్రమే కంఠీరవుడు చెప్పాడు, వాడు ఇప్పుడు కనుమ దారి పట్టాడట అని. ఆమె గొంగళి నెత్తి మీదికి లాక్కుంది. తుపాకి తీసుకుంది. తలుపు తెరిచి గుమ్మంలో నిలబడింది.

మంచు పాలమీగడలా చిక్కగా ఉంది. ఆ మంచులో, వాకిలి అవతల, ఒక ఆకారం నిలబడి ఉంది. నెత్తిన గొంగళి. వీపున గూనిలా ఒక మూట. మూటలోంచి ఏదో బొట్టుబొట్టుగా కారుతోంది. అది చప్పుడు చెయ్యలేదు. కదల్లేదు. ఆమెవైపే చూస్తోంది.

చెంగమ్మ కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

కొండలు గట్టిగా దగ్గాయి. పొగ వెళ్ళి మంచులో కలిసిపోయింది. ఆమె కళ్ళు తెరిచేసరికి వాకిట్లో ఎవరూ లేరు. చెంగమ్మ తలుపు వేసుకుని, దానికి వీపు ఆనించి కూలబడింది. లోపల నరసమ్మ వక్కలు దంచుకుంటూనే ఉంది.

ఆ పొద్దు ఊరంతా అట్టుడికిపోయింది. పాలు పోసే ఓబక్క వీధి మలుపులో నెత్తురు మడుగులో దొరికింది. ప్రాణం ఉంది. ఆమెను ఎవరో ఇంటికి మోసుకుపోయారు.

"వాడు నా వాకిట్లోకే వచ్చాడు! నేను కాల్చాను! పారిపోయాడు!" అంది చెంగమ్మ, అడిగినవాళ్ళతో.

"అయితే పారిపోతూ పారిపోతూ ఓబక్కను కాల్చి ఉంటాడు" అన్నారు వాళ్ళు. చెంగమ్మ కూడా అవునంది. నిజంగానే అలా నమ్మింది.

సాయంత్రం బురుజు మీంచి ఆమె పేరు ఊరంతా మోగింది. "గొంగళివాణ్ణి తరిమికొట్టిన వీరనారి చెంగమ్మ! ఈ మాట కోటకు చేరింది! రేపు సాయంత్రం కోదండభూపతి మహారాజులు స్వయంగా విచ్చేసి శాలువ కప్పుతారహో!"

మరునాడు పొద్దెక్కాక చెంగమ్మ గంజి కాచుకుని ఓబక్కను చూడబోయింది. ఓబక్క చాప మీద పడుకుని ఉంది. భుజానికి పసరు కట్టు కట్టి ఉంది. ఆ చెయ్యి ఇక పైకి లేవదని వైద్యుడు చెప్పి వెళ్ళాడు. చెంగమ్మను చూడగానే ఓబక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బతికే ఉన్నావా తల్లీ! నిన్ను చంపేసే ఉంటాడనుకున్నానే!"

"నన్నా?"

"నీ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు కదే!" అంది ఓబక్క. "నేను పిలవకుండా వచ్చాను. దారిలో వాడు పాలు లాక్కుంటాడేమోనని కుండ వీపున కట్టుకుని, పైన గొంగళి కప్పుకున్నాను. మూత సరిగా పడలేదు, పాలు కారుతూనే ఉన్నాయి. వాకిలి దాకా వచ్చి చూద్దును కదా, నీ తలుపు తెరిచి ఉంది. తలుపులో వాడు. నెత్తిన గొంగళి. చేతిలో తుపాకి. లోపల నువ్వేమయ్యావో అని నా ప్రాణం కొట్టుకుంది. కాళ్ళు కదల్లేదు, నోరు పెగల్లేదు. అంతలో కాల్చేశాడు. ఎట్లా పరుగెత్తానో తెలియదు, మలుపులో పడిపోయాను."

చెంగమ్మ గంజిగిన్నె కింద పెట్టింది.

"మొహం చూశావా?" అంది, తన గొంతు తనకే వినబడనంత మెల్లగా.

"మొహమెక్కడిదే వాడికి? గొంగళి ఒక్కటే చూశాను. దానికి అంచు మటుకు…" ఓబక్క కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. "ఎర్రంచే, చెంగమ్మా. మంచులో కూడా తెలిసింది. ఎర్రంచు."

చెంగమ్మ తన ఒంటి మీద గొంగళిని చూసుకుంది. దాన్ని మెల్లగా తీసి, మడిచి, వీపు వెనక్కి నెట్టేసింది. గంజి చెంచాతో తాగించింది. గొంగళిని చంకలో పెట్టుకుని లేచి బయటికి వచ్చింది.

అక్కణ్ణుంచి నేరుగా బురుజుకు వెళ్ళింది. కింది గదిలో కంఠీరవుడు తేనె నాకుతూ గొంతు సవరించుకుంటున్నాడు.

"అయ్యా, ఓబక్కను కాల్చింది నేనే. ఆ మాట చాటించు."

కంఠీరవుడు ఆమెవైపు చూశాడు. అతడు చెడ్డవాడేం కాదు. కానీ అతడి కళ్ళలో ఆశ్చర్యం లేదు.

"చాటిస్తే ఏమవుతుందమ్మా? ఒక పూటకూళ్ళామె పొరపాటున పాలామెను కాల్చింది. ఒక్క పూట కబురు. మరునాటికి జనం మళ్ళీ వంకాయల దగ్గరికి పోతారు."

"మరి ఆ దొంగకనుమవాడు? వాణ్ణి పట్టుకోలేదా?"

"ఎప్పుడో పట్టుకున్నారు. ఉరి కూడా తీశారు."

చెంగమ్మ అతడి దగ్గరికి ఒక అడుగు వేసింది. "మాకు చెప్పనే లేదే!"

"చెప్పానమ్మా. ఒక సాయంత్రం చెప్పాను. నువ్వూ అక్కడే ఉన్నావు. ఇంతేనా అని అందరూ లేచిపోయారు, నువ్వు కూడా లేచిపోయావు. మరునాడు మళ్ళీ గొంగళివాడి మాట ఎత్తాను. అందరూ తిరిగొచ్చారు." కంఠీరవుడు తేనెగిన్నె పక్కన పెట్టాడు. "నేను పెట్టింది మీరు అడిగిన కూడే తల్లీ. వెళ్ళు. సాయంత్రం రాజుగారు శాలువ కప్పుతారు. కప్పించుకో. ఓబక్కకు తెలియదు, ఎవరికీ తెలియదు."

చెంగమ్మకు నిజంగానే ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పొయ్యి మీద అన్నం పెట్టివచ్చానని అనుకుంటూ తాను లేచి వెళ్ళిపోయిన సాయంత్రం. ఆమె బయటికి నడిచింది.

పొద్దు వాలింది. మంచు దిగింది. బురుజు కింద ఊరు ఊరంతా నిలబడింది. అందరి నెత్తినా గొంగళ్ళు, అందరి చేతుల్లో తుపాకులు. ఇంతమంది ఉన్నా ఒక్క మాట లేదు. తెరలు దించిన పల్లకిలో రాజుగారు వచ్చారు. పల్లకి చుట్టూ తుపాకుల కంచె. తెర కొద్దిగా తొలగింది. లోపలినుంచి పాలిపోయిన ఒక మొహం బయటికి చూసింది. రాజుగారు కూడా రోజూ కొండ మీది కోట కిటికీలోంచి ఆ చాటింపు వింటూనే ఉన్నారు మరి.

"ఎవరమ్మా ఆ వీరనారి? ముందుకు రా" అన్నాడు రాజు.

చెంగమ్మ ముందుకు నడిచింది. శాలువ పట్టుకొచ్చిన భటుణ్ణి చేత్తో ఆపింది.

"శాలువ తర్వాత, మహాప్రభూ. ముందు గొంగళివాణ్ణి మీకు పట్టిస్తాను. ఇక్కడే ఉన్నాడు."

గుంపులో ఒక వణుకు పాకింది. తుపాకులన్నీ లేచాయి. మనిషి మనిషినీ చూశాడు. మనిషి మనిషికీ దూరం జరిగాడు.

"ఎక్కడ?" అన్నాడు రాజు. గొంతు కీచుగా వచ్చింది.

చెంగమ్మ తన ఎర్రంచు గొంగళి తీసి నెత్తి మీద వేసుకుంది. మొహం కనబడకుండా కిందికి లాగింది. మంచులో కదలకుండా నిలబడింది.

"ఇడుగో" అంది.

అందరికీ ఒళ్ళు గగుర్పొడిచింది. తమ కిటికీల్లోంచి రోజూ చూసింది దీన్నే. మొహం లేని ఆ నల్లటి ఆకారం ఇదే. ఇది తెలిసినామె అని తెలిసి కూడా, కొందరి వేళ్ళు మీటల మీద బిగుసుకున్నాయి.

"కాల్చండి" అంది గొంగళి లోపలి గొంతు. "నిన్న నేను కాల్చినట్టే కాల్చండి. నా వాకిట్లోకి పాలకుండ మోసుకుని ఓబక్క వచ్చింది. ఇన్నేళ్ళూ నా పొద్దు తెల్లార్చిన మనిషి. నాకు ఓబక్క కనబడలేదు. గొంగళివాడు కనబడ్డాడు. ఓబక్కకు కూడా నేను కనబడలేదు, గొంగళివాడే కనబడ్డాడు. దొంగకనుమవాణ్ణి ఎప్పుడో ఉరి తీశారు. ఆ మాట మనందరం విన్నాం, విని మరిచిపోయాం. ఇక ఈ ఊళ్ళో గొంగళివాడెవడైనా ఉంటే, అది నేనే."

ఎత్తిన తుపాకుల మూతులు మెల్లగా కిందికి దిగాయి.

ముందుగా తోట రంగప్ప చేతిలో తుపాకి జారి నేల మీద పడింది.

"కాటయ్య నా తోటలోకి గొర్రెపిల్లను వెతుక్కుంటూ వచ్చాడు" అన్నాడు రంగప్ప. "పిలిస్తే వాడు వస్తాడని అతడు పిలవలేదు. పిలిస్తే వాడు వస్తాడని నేనూ పిలవలేదు. కాల్చేశాను."

తర్వాత గానుగ సిద్ధయ్య నేల మీద కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. తమ్ముడు చనిపోయాక అతడు నోరు విప్పడం అదే మొదటిసారి. "నా తమ్ముడు కొడవలి మరిచిపోయాడు. దానికోసం వెనక్కొచ్చాడు. అంతే. కొడవలి కోసం వచ్చాడు."

ఆ తర్వాత బురుజు కింద వినబడ్డ ఏడుపు, ఆ ఊళ్ళో చలికాలమంతా దాచుకున్న ఏడుపు.

రాజు పల్లకి దిగాడు. తెరలు తీసెయ్యమన్నాడు. కంఠీరవుణ్ణి పిలిచాడు.

"హంతకుణ్ణి పట్టుకున్నారని చెప్పావా?"

"చెప్పాను ప్రభూ. ఒక్కసారి."

"హత్య జరిగిందని ఎన్నిసార్లు చెప్పావు?"

"రోజూ చెప్పాను ప్రభూ."

"నీ గొంతు తీసెయ్యను. కానీ ఇకమీదట ఒక చెడు కబురు ఎన్నిసార్లు చెబుతావో, అది ఎలా ముగిసిందో కూడా అన్నిసార్లు చెప్పాలి. ఎంత దూరాన జరిగిందో కూడా చెప్పాలి. అట్లన్నాడట, ఇట్లన్నాడట అని చెప్పావా, ఆ అన్నవాణ్ణి బురుజు మీద నీ పక్కన నిలబెట్టి చెప్పాలి" అన్నాడు రాజు.

తుపాకులను కోటలో పెట్టించాడు. అడవిపందులు చేలమీద పడే రోజుల్లో రైతులు వచ్చి తీసుకుపోయి, పని కాగానే తిరిగి ఇచ్చేవారు. జంబులింగం ఎప్పుడు బండ్లు కట్టుకుని వెళ్ళాడో ఎవరూ చూడలేదు. మరో ఊళ్ళో మరో బురుజు వెతుక్కుని ఉంటాడు. రంగప్ప కాటయ్య గొర్రెలను తన మందగా కాక, కాటయ్య బిడ్డల మందగా కాసిపెట్టాడు. సిద్ధయ్యకు ఏ శిక్షా వెయ్యడానికి రాజుకు నోరు రాలేదు.

చెంగమ్మ తన శిక్ష తానే అడిగింది. ఓబక్క చెయ్యి పోయింది కనుక, ఆ చెయ్యి చేసే పని తాను చేస్తానంది. రాజు ఒప్పుకున్నాడు.

ఓబక్కకు నిజం తెలిశాక ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. చెంగమ్మ వచ్చి పాక ఊడ్చేది, మేత వేసేది, పేడ తీసేది. ఓబక్క పలికేది కాదు. చలికాలం పోయింది. మామిడి పూత వచ్చింది, పిందె పట్టింది. అయినా పలకలేదు. చెంగమ్మ కూడా క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదనుకుంది.

ఆ ఇంట్లో ఒక పొగరుబోతు గేదె ఉండేది. ఓబక్క చేతికి తప్ప పాలిచ్చేది కాదు. చెంగమ్మ పొదుగు కింద చెంబు పెట్టినప్పుడల్లా తన్నేది. ఒకనాడు అది తన్నిన తన్నుకు చెంగమ్మ వెల్లకిలా పడింది, చెంబు దొర్లిపోయింది. ఆమె లేచి, ఒళ్ళు దులుపుకుని, మళ్ళీ చెంబు పట్టుకుని కూచోబోయింది.

అప్పుడు పాక గుమ్మంలోంచి ఓబక్క గొంతు వినబడింది.

"అట్లా వెనకనుంచి పోయి చెయ్యి వెయ్యకే. నువ్వెవరో దానికేం తెలుసు? అది పొగరు కాదు, భయం. ముందు ఎదురుగా నిలబడు. మొహం చూపించు. నాలుగు మాటలు మాట్లాడు. ఆ తర్వాత కూచో."

చెంగమ్మ గేదె ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఏం మాట్లాడాలో తోచక చెంబును ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఊఁ, మాట్లాడు మరి" అంది ఓబక్క, వచ్చి తన మంచి చెయ్యిని గేదె మెడ మీద వేస్తూ. "నేనూ ఇక్కడే ఉంటాలే."

పిల్లలూ, పెద్దలూ, తెలుసుకోండి: చెవి నిండా పోసుకున్న భయం కంటికి పొర అవుతుంది, ఆ పొరతో ఆయుధం పట్టినవాడి గుండు మొదట తగిలేది అయినవాళ్ళకే.